అయిదో పద్దు

డీజిలా పెట్రోలా అన్న చర్చ లెక్కల మాస్టారింట్లో 2022 వినాయక చవితి నాడు మొదలై దసరా దాకా నడిచింది.

ఆయన అమలాపురంలో ఇంటరు పిల్లలకి లెక్కలు చెప్తారు. కారు కొనడం అదే మొదలు. సలహాలకి లోటు లేదు. స్టాఫ్‌రూము రెండుగా చీలింది. కాకినాడ నుంచి బావమరిది ఫోను చేసి, "డీజిలు తప్ప ఇంకోటి ముట్టుకోకండి బావగారూ" అన్నాడు. అతను కారు కొన్నది 2012లో. అప్పట్లో డీజిలు ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. పెట్రోలుకీ దానికీ లీటరు దగ్గర ముప్పై రూపాయల దాకా తేడా ఉండేది. 2014 అక్టోబరులో ప్రభుత్వం ఆ పట్టు వదిలేసింది. తేడా తరుగుతూ వచ్చింది. మాస్టారు బేరం మొదలెట్టే నాటికి ఇక్కడి బంకుల్లో పెట్రోలు 110 దాటి ఉంది, డీజిలు 100కి కాస్త లోపల ఉంది.

కెమిస్ట్రీ మాస్టారు ఒక్కరే ధరల జోలికి పోలేదు.

"కొత్త డీజిలు బండ్లకి పొగగొట్టంలో ఫిల్టరు ఉంటుందండీ. 2020లో బీఎస్-6 వచ్చిన దగ్గర్నించీ. పొగలో ఉన్న మసంతా అది పట్టేస్తుంది. బండి దూరాలు తిరిగితే ఆ వేడికి మసి కాలిపోతుంది. ఊళ్ళోనే తిప్పితే పేరుకుపోతుంది. ఆ హంగులన్నీ పెడితే గిట్టుబాటు కాదని మారుతి డీజిలు కార్లే మానేసింది. అంతా రన్నింగు మీదుంది. మీ రన్నింగు ఎంతో ముందు తేల్చుకోండి."

మాస్టారికి ఆ మాట నచ్చింది. రన్నింగు అంటే అంకె. ఆ రాత్రి లాంగ్‌బుక్కు తీసి కూర్చున్నారు.

రెండు కార్ల ఖరీదుకీ తేడా, అన్ని ఖర్చులూ కలిపి రోడ్డెక్కేసరికి, 1,40,000. మైలేజీ పెట్రోలు బండికి 16, డీజిలు బండికి 21 వేసుకున్నారు. అది కంపెనీ కాయితంలోది కాదు, కాకినాడ రోడ్డు మీద నడిపినవాళ్ళని అడిగి రాసుకున్నది. కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు 6 రూపాయల 88 పైసలు. డీజిలు ఖర్చు 4 రూపాయల 67 పైసలు. మిగులు 2 రూపాయల 21 పైసలు. ఎక్కువ పెట్టిన డబ్బు అయిదేళ్ళలో తిరిగి రావాలంటే ఏడాదికి ఇంచుమించు 12,700 కిలోమీటర్లు తిరగాలి.

"యానాంలో కొట్టిస్తే?" అంది భార్య.

ఎదుర్లంక వంతెన దాటితే యానాం. పుదుచ్చేరి పన్నులు. అమలాపురం, ముమ్మిడివరం నుంచి అటు పనున్న బండ్లు అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. అప్పట్లో లీటరుకి పది రూపాయల పైనే కలిసొచ్చేది. మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించి ఆ పద్దు కొట్టేశారు. అక్కడ రెండూ చవకే. ఎటు మొగ్గాలో అది తేల్చదు.

తర్వాత తిరుగుళ్ళు రాశారు. ఒకటి, కాలేజీ, బజారు: ఏడాదికి 3,600. రెండు, కాకినాడలో అత్తవారిల్లు, నెలకోసారి: 1,560. మూడు, హైదరాబాదులో తమ్ముడిల్లు, ఏడాదికి మూడుసార్లు: 2,700. నాలుగు, గుళ్ళు. వాడపల్లి శనివారాలు, అయినవిల్లి, అంతర్వేది తీర్థం, అన్నీ కలిపి 1,200.

మొత్తం 9,060.

"అయితే పెట్రోలే" అంది భార్య. దీపం తీసేయమంది.

మాస్టారు తియ్యలేదు. 12,700లోంచి 9,060 తీసేసి పక్కన రాసుకున్నారు. 3,640. ఆ అంకె వంక చాలాసేపు చూశారు. దాన్ని 52తో భాగించారు. 70 వచ్చింది.

అమలాపురం నుంచి రాజోలు దాటి శివకోడు పక్కన ఉన్న వాళ్ళ ఊరికి రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు.

అయిదు, అమ్మ. ప్రతి ఆదివారం. 3,640.

మొత్తం సరిగ్గా 12,700. మాస్టారు కింద రెండు గీతలు గీసి దీపం తీసేశారు. ఆ లెక్క ఎవరు చూసినా తప్పు పట్టలేరు.

*

ఆవిడకి డెబ్బై దాటాయి. భర్త పోయాక పెంకుటింట్లో ఒక్కతే ఉంటోంది. ఇంటి వెనక ఎకరంన్నర కొబ్బరి. దింపు రోజున కుర్చీ వేయించుకుని కూర్చుని కాయలు తనే లెక్కపెట్టిస్తుంది. కొడుకు పండగలకి బస్సెక్కి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు.

కారు సంగతి చెప్పడానికి ఒక గురువారం వచ్చాడు. ఆవిడ సాంతం విని, "డీజిలుకి లక్షా నలభై వేలు ఎక్కువెందుకురా పొయ్యడం?" అంది. కొడుకు లాంగ్‌బుక్కు తీసి పద్దులు వరసగా చదివాడు.

"ఆ చివరిది మళ్ళీ చదువు."

"అమ్మ. ప్రతి ఆదివారం."

ఆవిడ ఇంకేం అడగలేదు. లోపలికెళ్ళి బీరువా తెరిచి పాసుబుక్కు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. నాలుగేళ్ళ దింపుల డబ్బు. ఇంటి పెంకు మార్పించడానికి దాచుకున్నది. వానాకాలం రెండు చోట్ల గిన్నెలు పెట్టుకుంటోంది.

"ఆ తేడా నాది" అంది. "రన్నింగు నా వల్లేగా పెరిగింది."

"ఎందుకమ్మా" అన్నాడు కొడుకు. రెండోసారి అనలేదు.

"మన తాటిపాకలో తీసేదీ డీజిలేగా, కొను" అంది ఆవిడ. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001లో వచ్చింది. ఈ గడ్డలోంచి తోడిన చమురు నుంచి నాఫ్తా, డీజిలు తీస్తుంది. పెట్రోలు తియ్యదు. రాత్రిపూట ఆ దీపాలు రాజోలు మేడల మీదికి కనిపిస్తాయి.

*

విజయదశమికి కారు ఇంటికొచ్చింది. ఆ వచ్చే ఆదివారం అందరూ ఊరెళ్ళారు. ఆ పై ఆదివారం కూడా వెళ్ళారు.

మూడో ఆదివారం మాస్టారికి ఎంసెట్ పిల్లల బ్యాచి మొదలైంది. తర్వాత కార్తీకమాసం, వనభోజనాలు. తర్వాత పెళ్ళిళ్ళు. సంక్రాంతికి వెళ్ళారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభలు చూసి అటునుంచి అటే అమలాపురం వచ్చేశారు.

ఆవిడ మాత్రం చాలా ఆదివారాలు పొట్టిక్కలు వండింది.

పొట్టిక్క తేలిగ్గా అయ్యే వంట కాదు. ముందు పనసాకు ఏరాలి. లేతాకు చిరుగుతుంది, ముదురాకు మడిస్తే విరుగుతుంది, మధ్యరకం కావాలి. నాలుగాకులు తొడిమలు లోపలికి వచ్చేట్టు పేర్చి, కొబ్బరీనె చీల్చి పుల్లలు చేసి, ఒక్కొక్క మడతా గుచ్చుతూ బుట్ట కుట్టాలి. పుల్ల పైకి గుచ్చితే పిండి కారుతుంది, కిందికి గుచ్చితే బుట్ట నిలబడదు. ఇవన్నీ శనివారం సాయంత్రమే అయిపోవాలి. పొద్దున్నే రుబ్బిన పిండి పోసి ఆవిరి పెడితే, ఆకు పసరు పిండిలోకి దిగి ఒక వాసన వస్తుంది. ఆ వాసన ఇడ్లీపాత్రలో ఎంత వండినా రాదు. అంబాజీపేటలో హోటళ్ళ వాళ్ళు ఇప్పటికీ వేస్తారు. ఇళ్ళల్లో కుట్టే చేతులు తగ్గిపోయాయి.

వేసవి వచ్చేసరికి ఆవిడ కుట్టడం మానేసింది. కొడుక్కి ఫోను చేసి అడగలేదు.

*

2023 జూన్‌లో కారులో పసుపుపచ్చ దీపం వెలిగింది. మర్నాడు బండి లాగడం మానేసింది. మాస్టారు వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు.

మెకానిక్కు కుర్రాడు. వెనక్కెళ్ళి పొగగొట్టంలో వేలు పెట్టి తిప్పి, ఆ వేలు మాస్టారికి చూపించాడు. ఏమీ అంటలేదు.

"శుభ్రంగానే ఉందిగా?" అన్నారు మాస్టారు.

"బయటికి శుభ్రంగానే ఉంటాదండి. మసంతా లోపల ఉండిపోయింది. నెలకి ఎంత తిప్పుతారండి?"

"వెయ్యీ యాభై" అన్నారు మాస్టారు. 12,700ని పన్నెండుతో భాగిస్తే వచ్చేది ఇంచుమించు అంతే.

కుర్రాడు వంగి మీటరు చూశాడు. ఎనిమిది నెలలకి 4,800 చిల్లర. ఏమీ అనలేదు. లాప్‌టాపు తెచ్చి తీగ తగిలించి, బండి నిలబెట్టి ఇంజిను మోత మోయించాడు. ముప్పావుగంట వెనక నుంచి సెగ కొట్టింది. దీపం ఆరింది.

"ఈసారికి కాలిపోయిందండి. మళ్ళీ మూసుకుపోతే ఫిల్టరు మార్చాలండి. లక్ష దాటిపోతాది." జేబులోంచి చీటీ తీసి నాలుగు ముక్కలు రాసిచ్చాడు. "ఇది తప్పకుండా చూసుకోండి. నాగా పెట్టకూడదండి."

మాస్టారు రెండుసార్లు చదివి, మడిచి, డ్యాష్‌బోర్డు అరలో పెట్టారు.

*

ఆ ఆదివారం ఎనిమిదింటికి కారు ఊళ్ళో ఇంటి ముందు ఆగింది. ఆవిడ దొడ్లో మట్టలు ఏరుతోంది. మట్టలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏరా, ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉందమ్మా. ఊరికే వచ్చాం."

పై ఆదివారం మళ్ళీ వచ్చారు. ఆ పైది కూడా. ఎంసెట్ బ్యాచి ఆదివారం సాయంత్రానికి మారిందని కోడలు చెప్పింది. నాలుగో ఆదివారానికి ఆవిడ పనసాకులు కోసుకుంది.

ఆ దారి అంతా హైవే. అమలాపురం దాటాక బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన. అవతల పాశర్లపూడి. 1995 జనవరి 8న ఆ పేరున్న బావి అంటుకుని మార్చి 15 దాకా మండింది. రెండు నెలలకి పైగా ఆ ఊళ్ళకి రాత్రి లేదు. అది దాటాక నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఆ తర్వాత తాటిపాక, రాజోలు. మాస్టారు ఎక్కడా ఆపేవారు కాదు. అరవైకి తగ్గకుండా, గేరు మార్చకుండా పోనిచ్చేవారు. పాశర్లపూడి దగ్గర రోడ్డు పక్కన ముంజెలు చూసి పిల్లాడు ఆపమన్నాడు. ఆపలేదు. పిల్లాడు ఏడిచాడు. ఎందుకు ఆపకూడదో మాస్టారు పిల్లాడికి విడమర్చి చెప్పారు. లెక్కల మాస్టారు ఏం చెప్పినా విడమర్చే చెప్తారు.

పిల్లాడికి ముంజెలు ఇప్పించలేదని తెలిసి ఆవిడ పక్కింటావిడతో అంది: "నా దగ్గరికి వచ్చే తొందర వాడికి. దారిలో ఎక్కడా ఆపడంట."

ఒక్కోసారి గేటు ముందు నిలబెట్టాక కూడా ఇంజిను నడుస్తూనే ఉండేది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చుని అద్దాల వెనక అంకెలు చూస్తూ ఉండేవారు.

"దిగరా, పొట్టిక్కలు చల్లారిపోతున్నాయి."

"అయిదు నిమిషాలమ్మా. ఇప్పుడు ఆపకూడదు."

ఆవిడ పళ్ళెం కారు దగ్గరికే తెచ్చేది. కిటికీలోంచి అందించేది. పుల్లలు తీసి, ఆకు విప్పి, కొబ్బరి పచ్చడి పక్కన వేసి.

ఆదివారం ఆవిడకి ఇంకే పనీ పెట్టుకోవడానికి లేకుండా పోయింది. వీధిలో ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని అప్పనపల్లి వెళ్తూ రమ్మన్నారు. "ఆదివారం కుదరదు, మా అబ్బాయి వస్తాడు" అంది. రాజోలులో కంటి శిబిరం పెట్టారు. కుడికన్నుకి శుక్లం ఉంది. అదీ ఆదివారమే. మరోసారి చూద్దాంలే అంది. దింపు వాళ్ళకి కబురు పంపింది: "ఆదివారం మాత్రం చెట్టెక్కద్దు, కింద కారుంటుంది." వాళ్ళకి మిగతా రోజులు వేరే తోటలున్నాయి. ఆ దఫా దింపు పదిహేను రోజులు ఆలస్యమైంది. ముదిరిన కాయలు రాలిపోయాయి. ఆవిడ ఆ నష్టం లెక్కపెట్టలేదు.

పెంకు మార్పించలేదు. వానపడితే గిన్నెలు పెట్టుకుంటూనే ఉంది. గిన్నెలు ఇప్పుడు మూడు. ఆదివారం పొద్దున్నే కారు రాకముందే వాటిని ఎత్తి మంచం కిందికి తోసేసేది.

ఊళ్ళో ఆవిడ మాటకి విలువ పెరిగింది. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళు ఆ వీధిలో అయిదారున్నాయి. గల్ఫులో కొడుకులున్న ఇళ్ళు ఇంకా ఎక్కువ. నెలకోసారి వీడియో కాలుతో సరిపెట్టుకునే తల్లులు ఆవిడ అరుగు మీదికొచ్చి కూర్చునేవాళ్ళు. "నువ్వు పెట్టి పుట్టావక్కా" అనేవాళ్ళు. ఆవిడ కాదనలేదు.

దీపం మళ్ళీ వెలగలేదు.

*

2024 సెప్టెంబరులో మాస్టారు లాంగ్‌బుక్కు మళ్ళీ తీశారు. రెండేళ్ళకి మీటరు 14,000 దగ్గరుంది. 25,400 ఉండాలి. ఈ చొప్పున వెళ్తే డీజిలు తేడా తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు పడుతుంది. కొత్త కారు మీద ఎక్స్చేంజి నడుస్తోంది. పాత డీజిళ్ళకి ముందు ముందు గిరాకీ ఉండదని స్టాఫ్‌రూములో అనుకుంటున్నారు. ఢిల్లీలో అప్పటికి పదేళ్ళు దాటిన డీజిలు బండిని రోడ్డెక్కనిచ్చేవారు కాదు, పెట్రోలుకి పదిహేనేళ్ళ దాకా గడువుండేది. కోడలు కూడా, ఆదివారం ఒక్కరోజూ పొద్దున్నే లేవాల్సి వస్తోందని ఎప్పటినుంచో అంటోంది.

మాస్టారు కొత్త పేజీ తిప్పి తిరుగుళ్ళు మళ్ళీ రాశారు. కాలేజీ, బజారు. కాకినాడ. హైదరాబాదు. గుళ్ళు.

ఈ పేజీలో పద్దులు నాలుగు. జవాబు తేలిగ్గానే వచ్చింది.

ఆ ఏడు విజయదశమి శనివారం పడింది. పొద్దున్న షోరూములో తాళాలు తీసుకుని, మధ్యాహ్నం ఇంటి దగ్గర పూజ చేయించి, సాయంత్రానికి అమ్మకి చూపించడానికి ఊరు తీసుకొచ్చారు. ఈసారి దారిలో రెండుచోట్ల ఆపారు. పాశర్లపూడిలో పిల్లాడు కొబ్బరిబోండం తాగాడు.

ఆవిడ అరుగు మీద పనసాకులు ముందేసుకుని బుట్టలు కుడుతోంది. ఎరుపు రంగు కారు చూసి మొదట ఎవరిదో అనుకుంది. కొడుకు దిగాక లేచింది. లోపలికెళ్ళి నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. తన తోటలో కాయ ఒకటి తెచ్చి కొట్టింది. బానెట్టుకి బొట్టు పెట్టి, చుట్టూ తిరిగి, డోరు మీద చెయ్యి వేసి చూసింది.

"బావుందిరా. చల్లగా తిరుగు."

కొడుకు నిమ్మకాయల మీంచి బండి ముందుకి తీసి, డిక్కీలోంచి స్వీట్ల డబ్బా తెస్తున్నాడు. కోడలు ఫోనులో మాట్లాడుతోంది. ఆవిడ మళ్ళీ అరుగు మీద కూర్చుని సగం కుట్టిన బుట్ట ఒళ్ళోకి తీసుకుంది. శుక్లం కంటితో పుల్ల గుచ్చే చోటు తడుముకుంటోంది.

"రేపు ఎలాగూ ఆదివారమేగా. రేపే తేవాల్సింది. ఇవాళోసారి, రేపోసారి, రెండు తిరుగుళ్ళెందుకు?" అంది మనవడితో.

పిల్లాడు కారు పక్కన చమురు మూత తెరిచి, లోపల అంటించిన అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. తల తిప్పకుండానే చెప్పాడు.

"రేపు రాం మామ్మా. ఇది పెట్రోలుది. దీనికి ఆదివారాలు అక్కర్లేదంట."